రంగస్థల పోరాటం: కూర్పు, శిక్షణ

రంగస్థల పోరాటం అంటే నాటకంలో వచ్చే కొట్లాటలు, ద్వంద్వయుద్ధాలు, హత్యలు, తోపులాటలు నటులకు దెబ్బ తగలకుండా, ప్రేక్షకులకు మాత్రం తగిలిందనిపించేలా ముందే కూర్చుకుని, సాధన చేసి ఆడే విద్య. ఒక్క చెంపదెబ్బ మొదలుకొని పదిమంది కత్తులు దూసే యుద్ధం దాకా, మెట్ల మీంచి జారిపడటం మొదలుకొని గొంతు నులమడం దాకా అన్నీ దీని కిందికే వస్తాయి. దీన్ని కూర్చేవారిని ఇంగ్లిష్ నాటకరంగంలో ఫైట్ డైరెక్టర్ అంటారు. తెలుగునాట సినిమా అలవాటు కొద్దీ ఫైట్ మాస్టర్ అనడమే ఎక్కువ.

వృత్తి నాటక సంస్థల్లో ఈ పనికి శిక్షణ పొందిన మనిషి విడిగా ఉంటారు. ఔత్సాహిక సమాజాల సంగతి వేరు. పగలు ఉద్యోగాలు చేసుకుని సాయంత్రం రిహార్సల్‌కు వచ్చే నటులు, అద్దెకు తీసుకున్న హాలు, అరకొర డబ్బు, ప్రదర్శన దగ్గరపడ్డాక మారే పాత్రధారులు అక్కడ మామూలే. పోరాటం కూర్చే బాధ్యత దర్శకుడి మీదో, ఎప్పుడో కర్రసాము నేర్చిన నటుడి మీదో పడుతుంది. ఈ విద్యలోని నియమాల్లో చాలావరకు ఇలాంటి పరిస్థితుల్లో జరిగే ప్రమాదాలను తప్పించడానికి పుట్టినవే.

చరిత్ర

భారతదేశం

రంగం మీద హింస గురించి భరతుడి నాట్యశాస్త్రం రెండు చోట్ల రెండు విధాలుగా మాట్లాడుతుంది. రూపకాల లక్షణాలు చెప్పేచోట యుద్ధం, రాజ్యభ్రంశం, మరణం, నగర ముట్టడి అంకంలో ప్రత్యక్షంగా చూపరాదని, ప్రవేశకాల ద్వారా తెలియజేయాలని విధిస్తుంది. చారుల (కాళ్ళ కదలికల) ప్రకరణంలో మాత్రం ఆయుధం పట్టి రంగం మీద మెలిగే పద్ధతులను విడమరిచి చెబుతుంది. వాటికి న్యాయాలని పేరు. భారతం, సాత్త్వతం, వార్షగణ్యం, కైశికం అని అవి నాలుగు. దెబ్బ భారతంలో నడుముకు, సాత్త్వతంలో పాదాలకు, వార్షగణ్యంలో రొమ్ముకు, కైశికంలో తలకు గురి పెట్టినట్టు ఉంటుంది. రంగం మీద నరకడం, పొడవడం, నెత్తురు కారడం కూడదని, ఆయుధం నిజంగా తగలకుండా అభినయంతోనే దెబ్బను సూచించాలని ఆ వెంటనే హెచ్చరిక ఉంది. నటుడు ఒంటికి నూనె పట్టించి వ్యాయామం చేయాలని, ఆహారంలో జాగ్రత్త పాటించాలని కూడా అక్కడే చెబుతుంది. గురి, నియంత్రణ, దేహసాధన అనే మూడింటినీ కలిపి చెప్పిన తొలి గ్రంథాల్లో ఇదొకటి.

భాసుడి ఊరుభంగం ఈ నియమాలకు ఆసక్తికరమైన ఉదాహరణ. టి. గణపతిశాస్త్రి తిరువనంతపురం నుంచి 1912లో ప్రచురణ మొదలుపెట్టిన భాస నాటకాల్లో ఇదీ ఒకటి. భీమదుర్యోధనుల గదాయుద్ధం ఇందులో ప్రేక్షకుల కళ్ళెదుట జరగదు. ముగ్గురు భటులు దాన్ని చూస్తూ వర్ణిస్తారు. తొడలు విరిగిన దుర్యోధనుడు మాత్రం రంగం మీదికి వచ్చి అక్కడే ప్రాణాలు విడుస్తాడు. యుద్ధాన్ని మాటలకు వదిలి, దాని ఫలితాన్ని నటుడి ఒంటికి అప్పగించిన కూర్పు ఇది.

ఆధునిక కాలంలో కావాలం నారాయణ పణిక్కర్ కేరళలో కలరిపయట్టు కదలికలను, రతన్ థియాం మణిపూర్‌లో థాంగ్-తా అనే ఖడ్గ శూల విద్యను నాటకానికి వాడుకున్నారు. రతన్ థియాం 1976లో ఇంఫాల్‌లో స్థాపించిన కోరస్ రెపర్టరీ థియేటర్ ప్రదర్శించిన చక్రవ్యూహం (1984) ఈ ధోరణిలో బాగా పేరు తెచ్చుకుంది.

తూర్పు ఆసియా

జపాన్ కబుకీలో పోరాటాలకు తాతే అని పేరు, వాటిని కూర్చేవారు తాతేషి. అక్కడ దెబ్బ పడుతుందన్న భ్రమ కోసం పాకులాడరు. కొయ్యముక్కలను పలక మీద కొట్టే చప్పుడుకు అనుగుణంగా కదలికలు సాగి, కీలక క్షణంలో నటుడు భంగిమలో నిలిచిపోతాడు. చైనాలోని పెకింగ్ ఒపేరాలో సాన్ చా కౌ అనే ప్రసిద్ధ ఘట్టం ఉంది. చీకటి గదిలో ఇద్దరు ఒకరినొకరు వెతుక్కుంటూ పోరాడతారు. రంగం మీద మాత్రం దీపాలన్నీ వెలుగుతూనే ఉంటాయి. చీకటిని నటులు తమ కదలికలతోనే పుట్టిస్తారు.

ఐరోపా, అమెరికా

షేక్స్‌పియర్ కాలపు లండన్‌లో కత్తిసాము గురువులు తమ పట్టా పరీక్షల పోటీలను నాటకశాలల్లోనే జరిపేవారు. ప్రేక్షకుల్లో చాలామందికి కత్తి పట్టడం తెలుసు కాబట్టి నటుడి చేతకానితనం దాగేది కాదు. ఆనాటి ప్రఖ్యాత హాస్యనటుడు రిచర్డ్ టార్ల్‌టన్ 1587లో కత్తిసాము గురువుగా పట్టా పొందాడు. అదే ఏడాది నవంబరులో ఒక నాటక బృందం ప్రదర్శనలో పేల్చిన తుపాకీ గుండు గురితప్పి ప్రేక్షకుల్లోని ఒక గర్భిణిని, ఒక శిశువును బలితీసుకుంది.

19వ శతాబ్దపు బ్రిటన్‌లో ఊరూరా తిరిగే నటులు కొత్త బృందంలో చేరిన రోజే వేషం కట్టాల్సి వచ్చేది. రిహార్సల్‌కు వ్యవధి ఉండేది కాదు. అందుకే అందరికీ కంఠతా వచ్చిన కత్తి దెబ్బల వరుసలు కొన్ని చలామణిలో ఉండేవి. రౌండ్ ఎయిట్స్, గ్లాస్గో టెన్స్ అలాంటివి. ఏ నాటకమైనా, ఏ పాత్రయినా అదే వరుస. ప్రమాదం తగ్గింది కానీ పాత్రకూ పోరాటానికీ సంబంధం తెగిపోయింది. శతాబ్దాంతంలో ఎగర్టన్ కాజిల్, కెప్టెన్ ఆల్ఫ్రెడ్ హటన్ పాత కత్తిసాము గ్రంథాలను వెలికితీసి నటులకు నేర్పడంతో ఆయా కాలాలకు తగిన పోరాటం చూపాలన్న ఆలోచన బలపడింది. హెన్రీ ఇర్వింగ్ 1885 నాటి ఫౌస్ట్ ప్రదర్శనలో కత్తులకు విద్యుత్తు కలిపి, అవి తగిలినప్పుడు నిప్పురవ్వలు రాలేలా చేశాడు.

1896 ఆగస్టు 10న లండన్‌లోని నావెల్టీ థియేటర్‌లో టెంపుల్ క్రోజియర్ అనే యువనటుడు సహనటుడి చేతిలోని నిజమైన బాకు దిగి మరణించాడు. 2008 డిసెంబరులో వియన్నా బుర్గ్‌థియేటర్‌లో షిల్లర్ నాటకం మేరియా స్టూవర్ట్ ఆడుతుండగా డానియెల్ హోవెల్స్ అనే నటుడు ఆత్మహత్య ఘట్టంలో గొంతు నిజంగానే కోసుకున్నాడు. చేతికి వచ్చిన కత్తికి మొద్దు చేయని అంచు ఉండటమే కారణం. ఆయన బతికి బయటపడ్డాడు. నూరేళ్ళకు పైగా తేడా ఉన్న ఈ రెండు సంఘటనల్లోనూ పదునున్న ఆయుధం రంగం మీదికి రావడమే తప్పు.

20వ శతాబ్దం రెండో సగంలో ఇది ప్రత్యేక వృత్తిగా నిలదొక్కుకుంది. విలియం హాబ్స్ బ్రిటన్ నేషనల్ థియేటర్‌లో పోరాటాలు కూర్చి, ద డ్యుయలిస్ట్స్ (1977), రాబ్ రాయ్ (1995) చిత్రాలకూ పనిచేశాడు. పాట్రిక్ క్రీన్ కెనడాలోని స్ట్రాట్‌ఫర్డ్ ఉత్సవంలో ఎన్నో ఏళ్ళు ఈ బాధ్యత చూశాడు. 1969లో సొసైటీ ఆఫ్ బ్రిటిష్ ఫైట్ డైరెక్టర్స్ ఏర్పడింది. 1977లో డేవిడ్ బూషే అమెరికాలో అలాంటి సంస్థనే స్థాపించాడు. ఈ అమెరికా సంస్థ ఆయుధం లేని పోరాటం, బాకు, సన్నకత్తి, వెడల్పు కత్తి, కత్తి డాలు, కర్రసాము వంటి ఎనిమిది విభాగాల్లో నటులను పరీక్షిస్తుంది. ఉత్తీర్ణతకు గుర్తింపు మూడేళ్ళే ఉంటుంది, ఆ తర్వాత మళ్ళీ పరీక్షకు కూర్చోవాలి. సాధన ఆగితే ఈ విద్య చేజారుతుందన్న అవగాహన ఆ గడువు వెనక ఉంది.

మూలసూత్రాలు

యుద్ధవిద్యలు తెలిసినవారు రంగస్థలానికి వచ్చినప్పుడు ముందుగా వదులుకోవాల్సింది వేగం, గోప్యత. నిజమైన పోట్లాటలో దెబ్బ ఎటునుంచి వస్తుందో ఎదుటివాడికి తెలియకూడదు. రంగం మీద ఎదుటివాడికీ, ఆఖరి వరుసలోని ప్రేక్షకుడికీ కూడా ముందే తెలియాలి. ప్రతి దెబ్బకూ ఒక క్రమం ఉంటుంది. ఇద్దరూ కళ్ళు కలుపుకుంటారు. కొట్టేవాడు చెయ్యి వెనక్కి తీసి సూచన ఇస్తాడు. తినేవాడు సిద్ధమన్నట్టు ఒంటిని కదుపుతాడు. అప్పుడే దెబ్బ కదులుతుంది. తినేవాడు సిద్ధంగా లేకపోతే ఆ దెబ్బ ఉండదు.

రెండో సూత్రం ఎడం. ముట్టని దెబ్బల్లో కొట్టేవాడు చెయ్యి పూర్తిగా చాచినా ఎదుటివాడి ముఖానికి జానెడు దూరం మిగలాలి. ఈ దూరాన్ని కంటి అంచనాకు వదలకుండా ప్రతి రిహార్సల్‌కు ముందు చెయ్యి చాచి కొలుచుకుంటారు. జానెడు ఖాళీ ప్రేక్షకులకు కనబడకుండా చేసేది నటులు నిలబడే కోణం. ఒకరి వీపు ప్రేక్షకుల వైపు ఉండి, రెండోవారి ముఖం ఆ వరుసలోనే వెనక ఉంటే చెయ్యి ముఖాన్ని దాటుకుపోయినా తగిలినట్టే కనిపిస్తుంది. ఎదురుగా మాత్రమే ప్రేక్షకులుండే వేదిక మీద ఇది తేలిక. మూడు వైపులా జనం కూర్చునే ఆరుబయట వేదికల మీద ఏదో ఒక పక్కవారికి ఖాళీ తెలిసిపోతుంది. అలాంటిచోట ముట్టని దెబ్బలు తగ్గించి, పట్లు, తోపులు, పడటాలు పెంచుతారు.

మూడోది చప్పుడు. దెబ్బ తగిలిందని ప్రేక్షకుణ్ని నమ్మించేది కన్ను కన్నా చెవి. ఈ చప్పుడును ఇంగ్లిష్ రంగస్థలంలో నాప్ అంటారు. తినేవాడు ప్రేక్షకులకు కనబడకుండా తన అరచేతుల్ని చరచవచ్చు, కొట్టేవాడు తన రొమ్మునో తొడనో చరచవచ్చు, గుంపు సన్నివేశమైతే పక్కనున్న మూడో నటుడు చేయవచ్చు. చప్పుడు, తల తిప్పడం, అరుపు ఒకే క్షణంలో పడాలి.

నాలుగోది అదుపు. నొప్పి పొందుతున్న పాత్ర చేతిలోనే కదలిక అదుపు ఉండాలి. జుట్టు పట్టి ఈడ్చే దృశ్యంలో కొట్టేవాడు పిడికిలి మూసి తల మీద ఆనిస్తాడు, అంతే. ఈడ్పించుకునే నటి ఆ మణికట్టును రెండు చేతులా పట్టుకుని తలకు అదిమిపెట్టి, తానే నడుస్తూ వెళుతుంది. గొంతు నులిమేటప్పుడు వేళ్ళు కంఠనాళాన్ని తాకవు. అరచేతులు మెడ అడుగున, కాలరు ఎముకల మీద ఆనుతాయి. నులిమించుకునేవారు గడ్డం కిందికి దించి, ఎదుటివాడి మణికట్లు పట్టుకుని ఊపుతారు. చూసేవారికి అది పెనుగులాటలా కనబడుతుంది. లోపల జరిగేది మాత్రం ఆ చేతుల్ని దూరంగా ఉంచడమే.

ఆయుధం లేని పోరాటం

ఔత్సాహిక నాటకాల్లో ఎక్కువగా వచ్చేవి చెంపదెబ్బ, తోపు, కాలితో తన్నడం, పడిపోవడం. సాంఘిక నాటికల్లో చెంపదెబ్బ లేనివి అరుదు. దాన్ని చిన్నదిగా భావించి నిజంగానే కొట్టేస్తుంటారు. చెవి మీద పడిన అరచెయ్యి కర్ణభేరిని చించగలదు, దవడ కీలును తప్పించగలదు. కళ్ళద్దాలు, చెవి కమ్మలు, ముక్కుపుడక ఉంటే గాయం ఇంకా పెద్దదవుతుంది. అందుకే శిక్షకులు ముట్టని చెంపదెబ్బనే మొదటి పాఠంగా పెడతారు.

తోపులో తోసేవాడు చేతులు రొమ్ముకు ఆనించి ఆగుతాడు. వెనక్కి వెళ్ళే బలం తోయించుకునేవాడి కాళ్ళది. పడటంలో మొదటి నియమం ఎత్తు తగ్గించుకోవడం. మోకాళ్ళు వంచి, ఒంటిని నేలకు దగ్గర చేసి, పిక్క పక్కభాగం, తొడ, పిరుదు, భుజం వెనకభాగం అనే వరుసలో కండ ఉన్నచోట్ల వాలాలి. మోకాలి చిప్ప, మోచెయ్యి, మణికట్టు, వెన్నెముక చివర నేలకు తగలకూడదు. పడేటప్పుడు ఊపిరి వదలాలి, బిగబట్టకూడదు. చేతులు చాచి ఆపుకోవాలని శరీరం సహజంగా ప్రయత్నిస్తుంది. కొత్త నటుల్లో మణికట్టు బెణకడానికి ఎక్కువగా అదే కారణం కాబట్టి దాన్ని మాన్పించడానికే చాలా సాధన పడుతుంది.

కత్తి, కర్ర, గద

ఆయుధ పోరాటంలో వెడల్పు కత్తితో మొదలుపెట్టడం అలవాటు. దాని కదలిక పెద్దది, నెమ్మది, అందరికీ కనబడుతుంది. శరీరంలో ఐదు గురులు గుర్తిస్తారు: తల, రెండు భుజాలు, రెండు నడుము పక్కలు. ఒక్కో గురికి ఒక అంకె, దాన్ని కాచుకునే కాపుకూ ఒక అంకె. ఆ అంకెలు ఒక్కో బడిలో ఒక్కో రకంగా ఉంటాయి. ఒక బృందం అంతా ఒకే లెక్క వాడటం ముఖ్యం. పక్కల నుంచి వచ్చే వేటు శరీరానికి కాస్త బయటికే గురి పెడతారు. కాపు తప్పినా కత్తి గాలిలో పోవాలి తప్ప మనిషికి తగలకూడదు. తల మీది వేటు ముందు నుంచి నేరుగా దించకుండా, తలకు పైన ఎడం ఉంచి ఆపుతారు. పొడుపు పొట్ట మధ్యకు కాక నడుముకు పక్కగా వెళుతుంది. ముల్లు ఎప్పుడూ ముఖం ముందు నుంచి అడ్డంగా పోకూడదన్నది అన్ని బడుల్లోనూ ఉన్న నియమం.

కర్ర తేలికగా దొరుకుతుంది కాబట్టి ప్రమాదం లేదనుకుంటారు. దాని రెండు చివరలూ తిరుగుతాయి. ముందు చివరను చూసుకునే నటుడు వెనక చివర ఎవరికి తగులుతుందో గమనించడు. కర్రసాము వచ్చినవారు కూడా వేదిక కొలతకు తగ్గట్టు తిప్పే చుట్టు తగ్గించుకోవాలి. గద బరువంతా చివర ఉంటుంది. ఒకసారి ఊపు అందుకున్నాక మధ్యలో ఆపడం కష్టం. అందుకే గదాయుద్ధాన్ని పెద్ద ఊపులు, నిలుపులు, చుట్టు తిరగడాలతో కూర్చి, గద గదకు తగిలే క్షణాలు కొన్నే పెడతారు.

విల్లు ఎక్కుపెట్టినా బాణం వదలరు. తీగ లాగి, చివర్లో బాణాన్ని వేళ్ళ మధ్యే పట్టి ఉంచి, ఎగిరిన శబ్దాన్ని వాద్యంతోనో రికార్డుతోనో ఇస్తారు. తుపాకీ విషయంలో నేటి అలవాటు బొమ్మ తుపాకీ, రికార్డు చేసిన శబ్దం. గుండు లేని ఖాళీ తూటా కూడా దగ్గరి నుంచి పేలితే మంట, వాయువుల ఒత్తిడి మనిషిని చంపగలవు.

ఆయుధాల ఎంపిక, సంరక్షణ

పదును లేకపోవడం ఒక్కటే చాలదు. అలంకారం కోసం గోడకు తగిలించే కత్తుల్లో అలుగు పిడిలోకి దిగే భాగం సన్నగా, పొట్టిగా ఉంటుంది. నాలుగు దెబ్బలకే అలుగు ఊడి ప్రేక్షకుల్లోకి ఎగరవచ్చు. రంగస్థలం కోసం చేసిన కత్తుల్లో ఆ భాగం పిడి చివరిదాకా ఉంటుంది, అంచు మందంగా, ముల్లు గుండ్రంగా ఉంటాయి. లోహం లోహానికి తగిలినచోట లేచే చిన్న గరుకులను ప్రతి రిహార్సల్ తర్వాత ఆకురాయితో రుద్దాలి. చెక్క కత్తిలో పగుళ్ళు చూసుకోవాలి. రంగు పూస్తే పగులు కనబడదు. అట్టకత్తి పోరాటానికి పనికిరాదు. చేత పట్టుకోవడానికి, ఒరలో ఉంచుకోవడానికి మాత్రమే అది.

భారతదేశంలో ఆయుధ నియమాల ప్రకారం తొమ్మిది అంగుళాల కన్నా పొడవు లేదా రెండంగుళాల కన్నా వెడల్పు ఉన్న పదునైన కత్తులు, బల్లేలు ఆయుధాల జాబితాలోకి వస్తాయి. ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రాంతాల్లో వాటికి లైసెన్సు అవసరం. ఇంట్లోని పాత కత్తిని రంగం మీదికి తేకపోవడానికి ఇది రెండో కారణం.

పోరాటాన్ని కూర్చడం

షేక్స్‌పియర్ నాటకాల్లో పోరాటాలకు రంగ సూచన తరచు రెండు మూడు మాటలే. మిగతాదంతా కూర్చేవారి పని. వారు ముందు అడిగే ప్రశ్న ఎవరు గెలుస్తారని కాదు, పోరాటం ముందు ఒకలా ఉన్న పాత్ర తర్వాత ఎలా మారుతుందని. రోమియో జూలియట్ మూడో అంకంలో టిబాల్ట్, మెర్కూషియో పోరాడుతుంటే ఆపడానికి రోమియో మధ్యలోకి వస్తాడు. అతని చేతి కిందుగా టిబాల్ట్ కత్తి దూర్చి మెర్కూషియోను పొడుస్తాడు. ఇక్కడ ముగ్గురి స్థానాలూ కచ్చితంగా కుదరాలి. రోమియో అడ్డు రావడమే పోటుకు దారి ఇచ్చిందని ప్రేక్షకులకు కనబడాలి. కత్తి మాత్రం మెర్కూషియో ఒంటికి వెనకవైపు, ప్రేక్షకులకు మరుగున, గాలిలో పోవాలి. పొడిచినవాడూ పొడిపించుకున్నవాడూ ఒక్క క్షణం నిలిచిపోతే పోటు పడిందని అర్థమవుతుంది. అంతకు ముందు పోరాటం ఎంత సరదాగా సాగితే ఈ ఆగడం అంత బలంగా తాకుతుంది.

కీచకవధ కూర్పు ఇంకో రకం సవాలు. నర్తనశాలలో చీకటి, ద్రౌపది స్థానంలో భీముడు. ఘట్టాన్ని మూడు భాగాలుగా విడదీయవచ్చు: కీచకుడి భ్రమ తొలగడం, సమానంగా పెనుగులాడటం, భీముడిది పైచెయ్యి కావడం. మొదటి భాగం దాదాపు హాస్యం, చివరిది భీతి. నిజంగా దీపాలు ఆర్పితే నటులు ఒకరినొకరు చూసుకోలేరు, పట్లు తప్పుతాయి. సన్నని నీలి వెలుగు ఉంచడమో, పెకింగ్ ఒపేరా పద్ధతిలో వెలుగులోనే చీకటిని అభినయించడమో మేలు. ఆఖరి వధను స్తంభం మాటునో తెర వెనకనో పెట్టి, శబ్దంతో ముగించవచ్చు.

కూర్పు అనుభవం ఉన్నవారు పాటించే మరికొన్ని పద్ధతులున్నాయి. మూడు నాలుగు కదలికలను ఒక వాక్యంలా కలిపి, తర్వాత ఊపిరి తీసుకునే వ్యవధి ఇస్తారు. ఒకే వేగంతో సాగే పోరాటం కాసేపటికే విసుగు పుట్టిస్తుంది కాబట్టి వేగం మారుస్తారు. ఆ తర్వాత చెప్పాల్సిన డైలాగు, పాడాల్సిన పద్యం ఉంటే నటుడికి దమ్ము మిగిలేలా పోరాటాన్ని కుదిస్తారు. ప్రతి కదలికకు అంకె వేసి నోటుబుక్కులో రాసి, స్టేజి మేనేజరుకు ఒక ప్రతి ఇస్తారు. రాయని పోరాటం రోజుకొక రకంగా మారుతుంది.

ఔత్సాహిక నటులకు నేర్పడం

శిక్షణ నటుల శరీరాలను తెలుసుకోవడంతో మొదలవుతుంది. పాత వెన్నునొప్పి, మోకాలి శస్త్రచికిత్స, రక్తపోటు, ఎత్తంటే భయం, ఎవరైనా మెడ పట్టుకుంటే కలిగే కంగారు వంటివి ఒంటరిగా అడిగి తెలుసుకోవాలి. అందరిముందు అడిగితే చెప్పరు. ఒకరి ఒంటిని తాకేముందు అనుమతి అడగడం, ఎక్కడ తాకుతామో ముందే చెప్పడం ఇప్పుడు అంతటా వచ్చిన పద్ధతి. 2016లో ఇంటిమసీ డైరెక్టర్స్ ఇంటర్నేషనల్ సంస్థ పుట్టాక ప్రేమ సన్నివేశాల కూర్పు వేరే వృత్తిగా ఎదిగింది. దాని పునాదుల్లో చాలావరకు పోరాట కూర్పు నుంచి వచ్చినవే. స్త్రీపురుషులు కలిసి చేసే పెనుగులాటల్లో ఈ పద్ధతి మొహమాటాన్ని కూడా తగ్గిస్తుంది.

మొదటి తరగతుల్లో ఆయుధం ఉండదు. ఒళ్ళు వేడెక్కించడం, ఎదురెదురుగా నిలబడి ఒకరి కదలికను ఒకరు అద్దంలా అనుకరించడం, ఎడం కొలవడం, పడటం నేర్పుతారు. తర్వాత కదలికలను మాటలతో చెప్పుకుంటూ నడుస్తారు. ఆపై పావు వేగం, సగం వేగం, ముప్పావు వేగం. ప్రదర్శనకు కూడా ముప్పావు వేగమే గరిష్ఠం. అంతకు మించితే ప్రేక్షకుడి కన్ను అందుకోలేదు, నటుడి చెయ్యి అదుపులో ఉండదు. వేగం పెంచేటప్పుడు ఇద్దరిలో నెమ్మదైనవారి వేగమే లెక్క.

ఔత్సాహికుల్లో శిక్షకులు తరచు ఎదుర్కొనే ఇబ్బందులు నాలుగు. ఒకటి, ప్రదర్శన రాత్రి ఉత్సాహంతో వేగం దానంతటదే పెరగడం. రెండు, చప్పట్లు పడగానే కూర్పులో లేని దెబ్బ జోడించడం. మూడు, తప్పు జరిగినప్పుడు ఆగకుండా లాక్కురావడం. నాలుగు, గైర్హాజరైన నటుడి బదులు ఇంకొకరిని ఆఖరి నిమిషంలో దించడం. మొదటి మూడింటికి విరుగుడు ఒకటే నియమం: ఎవరైనా సరే, చిన్న పాత్రధారి అయినా సరే, ఆగండి అని అరిస్తే అందరూ ఉన్నచోటే ఆగిపోవాలి. తప్పు జరిగితే రెండడుగులు వెనక్కి వేసి, కళ్ళు కలుపుకుని, తర్వాతి వాక్యం నుంచి మొదలుపెట్టాలి. నాలుగోదానికి విరుగుడు కూర్పును తగ్గించడమే. సాధన చేయని మనిషితో పూర్తి పోరాటం ఆడించకూడదు.

పిల్లలున్న నాటకాల్లో కదలికలు ఇంకా తక్కువ ఉంచి, రిహార్సల్ బయట ఆ ఆయుధాలు వారి చేతికి అందకుండా తాళం వేయాలి.

ప్రదర్శన రోజు

ప్రతి ప్రదర్శనకు ముందు, ప్రేక్షకులను లోపలికి వదలకముందే, పోరాటంలో ఉన్నవారందరూ వేదిక మీద దాన్ని సగం వేగంతో ఒకసారి, ప్రదర్శన వేగంతో ఒకసారి నడుపుతారు. దీన్ని ఫైట్ కాల్ అంటారు. నిన్న ఆడిన నాటకమే అయినా ఇది తప్పదు. బృందంలోనే ఒకరిని ఫైట్ కెప్టెన్‌గా నియమిస్తారు. కూర్చినవారు లేని రోజు కదలికలు మారకుండా చూసేది, ఆయుధాలు లెక్కపెట్టి తీసుకునేది, ఒంట్లో బాగాలేని నటుడికి పోరాటం తగ్గించేది ఆ వ్యక్తే. కెప్టెన్ మాట మీద దర్శకుడు కూడా ఒత్తిడి పెట్టకూడదు.

వేదిక మీద మేకులు, తివాచీ మడతలు, తడి, మైకు వైర్లు చూసుకోవాలి. పంచదార పాకంలో రంగు కలిపిన నకిలీ నెత్తురు నేల మీద పడితే జారుతుంది. పొగ, మిణుకుమిణుకుమనే దీపాలు ఎడం అంచనాను చెడగొడతాయి. వేదిక పక్కన మంచు ముక్కలు, కట్టు సామగ్రి, దగ్గరి ఆసుపత్రి ఫోను నంబరు ఉంచాలి.

తెలుగు నాటకరంగంలో

తెలుగు నాటక చరిత్రలో పోరాటానికి ఆదిలోనే చోటుంది. వనారస గోవిందరావు 1885లో కడప జిల్లా సురభిలో ఆడించిన కీచకవధతోనే సురభి నాటక సమాజాల చరిత్ర మొదలైంది. మాయాబజార్ వంటి నాటకాల్లో బాణాలు గాలిలో ఎదురెదురుగా వచ్చి ఢీకొనడం లాంటి ట్రిక్కు సీన్లకు సురభివారు పేరుపొందారు. సురభి కుటుంబ సంస్థ. నటులు ఏళ్ళ తరబడి కలిసి ఆడతారు కాబట్టి ఒకరి లెక్క ఒకరికి తెలుసు.

ఊళ్ళలో తిరునాళ్ళకు, నవమి పందిళ్ళకు ఆడే పౌరాణిక పద్య నాటకాల తీరు వేరు. వేర్వేరు ఊళ్ళ నుంచి వచ్చిన నటులు నేరుగా వేదిక మీదే కలుసుకుంటారు. ఒకే రాత్రి ఒక పాత్రను ఇద్దరు ముగ్గురు పంచుకోవడం కూడా ఉంది. గదలు, కిరీటాలు, భుజకీర్తులు అద్దెకు తెచ్చేవి, ఆ సాయంత్రమే చేతికి అందుతాయి. ఇలాంటిచోట కూర్చిన పోరాటం సాధ్యం కాదు. అందుకే పోరు పద్యంలోకి, రాగంలోకి, ఒకటి రెండు చుట్లు తిరిగి గదలు తాకించే వాడుకలోకి మారింది. బ్రిటిష్ సంచార నటుల కంఠతా వరుసలు పుట్టడానికీ ఇదే అవసరం కారణం.

పరిషత్తు పోటీలకు నాటికలు తయారుచేసే సమాజాల దగ్గర రిహార్సల్ వ్యవధి ఉంటుంది. వాటికి ఈ విద్య నేరుగా పనికొస్తుంది. ఒక పోటీ వేదికకూ ఇంకోదానికీ కొలతలు మారతాయి కాబట్టి చేరిన వెంటనే ఎడం మళ్ళీ కొలుచుకోవాలి. కిరీటం, పంచెకట్టు, పొడవాటి విగ్గు ఉన్న పాత్రలకు కనీసం అదే బరువు, అదే పొడవు ఉన్న సామగ్రితో సాధన చేయించాలి. కోస్తా ఊళ్ళ తాలింఖానాల్లో కర్రసాము, కత్తిసాము నేర్చినవారు మంచి సహాయకులు. అయితే వారు నేర్చినది గెలవడానికి కాబట్టి, కళ్ళు కలపడం, సూచన ఇవ్వడం వారికి కొత్తగా నేర్పాలి.

సినిమా ప్రభావం మరో చిక్కు. జానపద చిత్రాల పోరాటాలతో కాంతారావుకు కత్తి కాంతారావు అన్న పేరే వచ్చింది. ఆ దృశ్యాలను కెమెరా కోణం, కోత, డూపు, మళ్ళీ తీసే అవకాశం నిలబెట్టాయి. నాటకంలో అవేవీ లేవు. తెర మీద చూసిన ఎగురుడు దెబ్బను ఒకే ఊపులో, డూపు లేకుండా, మళ్ళీ అవకాశం లేకుండా చేయబూనితే ఒళ్ళే నష్టపోతుంది.

అంచనా

ఔత్సాహిక సమాజం చేతిలో ఉండే సాధనాల్లో అన్నిటికన్నా విలువైనది రిహార్సల్ సమయం. పోరాటం ఎంత ఉండాలన్నది నాటకం గొప్పతనాన్ని బట్టి కాక ఆ సమయాన్ని బట్టి తేల్చుకోవాలి. రెండు దెబ్బలు, ఒక ఆగడం, ఒక పడటం శుభ్రంగా ఆడిన బృందం ఇరవై దెబ్బలు తడబడుతూ ఆడిన బృందం కన్నా ప్రేక్షకులను ఎక్కువ నమ్మిస్తుంది. ఆ రెండు దెబ్బలకూ వ్యవధి లేనప్పుడు తెర వెనక శబ్దం, రంగం మీద దాన్ని వింటున్న ఒక పాత్ర చాలు. దెబ్బలు తిన్న నటుడితో ముగిసిన ప్రదర్శన, ఎన్ని చప్పట్లు పడినా, విఫలమైన ప్రదర్శనే.